గీత గీసేదెవరు?

1894లో వాత్స్లావ్ క్లెమెంట్ అనే చెక్ యువకుడు, వృత్తిరీత్యా పుస్తకాల వర్తకుడు, తన సైకిలు చెడిపోతే దాన్ని తయారుచేసిన జర్మను కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు. సహజంగానే తన భాషలో రాశాడు. జవాబు వచ్చింది. మరమ్మతు సంగతి అందులో లేదు. తమకు అర్థమయ్యే భాషలో రాస్తే చూస్తామని మాత్రం ఉంది. ఆ మాట ఆయనకు ఎంతగా గుచ్చుకుందో గాని, మరుసటి ఏడు వాత్స్లావ్ లౌరిన్ అనే మెకానిక్కును కలుపుకొని, మ్లాదా బొలెస్లావ్ అనే ఊళ్ళో తానే ఒక సైకిళ్ళ కార్ఖానా తెరిచాడు. ఆ సైకిలుకు పెట్టిన పేరు 'స్లావియా'. కంప్యూటరు తెరమీద నాలుగు తెలుగు అక్షరాలు తిన్నగా కనబడటానికి నానా పాట్లూ పడ్డ మనబోటివాళ్ళకు ఆ యువకుడి ఉడుకు ఎలాంటిదో నేను వివరించనక్కరలేదు.

ఆ కార్ఖానాయే 1899లో మోటారు సైకిళ్ళకూ, 1905లో కార్లకూ ఎదిగింది. 1925లో ప్ల్జెన్ నగరంలోని స్కోడా యంత్రశాలల్లో కలిసి ఆ పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జాతీయమైంది. చివరకు 1991లో వెళ్ళి చేరింది ఎవరి చేతికయ్యా అంటే, జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ చేతికి! కొన్నేళ్ళ క్రితం ఉద్యోగరీత్యా ప్రాగులో ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం నాడు మ్లాదా బొలెస్లావ్ వెళ్ళి ఆ కంపెనీ మ్యూజియం చూశాను. ఒక కొసన సైకిలు, మరో కొసన మెరిసే కార్లు. ఈ కథలోని వ్యంగ్యం చాలా సులువైనది, ఎవరైనా పట్టుకోగలరు: భాష రాదన్నవాడి ఇంటికే చివరకు పిల్లనిచ్చారు అని. నేనూ మొదట అలాగే నవ్వుకున్నాను. తరువాత చదివినకొద్దీ, ఆలోచించినకొద్దీ నా అభిప్రాయం మారింది. 1989 తరువాత పశ్చిమ ఐరోపా వాణిజ్య కూటమికీ, సోషలిస్టు పద్ధతినుంచి విపణి పద్ధతికి మారుతున్న తూర్పు దేశాలకూ నడుమ 'పారిశ్రామిక సహకారం' పేరిట జరిగినవాటిలో నేను మనసారా గౌరవించగలిగిన అంశం ఆ మ్యూజియం ఉన్న ఆవరణలోనే ఉంది. కూటమి రచించిన ఏ పథకమూ దానికి కారణం కాదు. అక్కడ ఒక డ్రాయింగు బల్ల మిగిలింది. ఈ టపా ఆ బల్ల గురించే.

ముందు ఆ పథకాల సంగతి చూద్దాం.

1989 జూలైలో పారిస్‌లో కూడిన ఏడు సంపన్న దేశాలు పోలండుకూ, హంగరీకీ అందించే సహాయాన్ని సమన్వయపరిచే బాధ్యతను ఐరోపా కమిషన్‌కు అప్పగించాయి. ఆ ఏడాది చివర 'ఫార్' అనే పథకం పుట్టింది. పోలండు, హంగరీ ఆర్థిక పునర్నిర్మాణం అన్న పొడుగాటి పేరులోని తొలి అక్షరాల కూర్పు అది. ఫ్రెంచి భాషలో ఆ మాటకు దీపస్తంభమని అర్థం. పేరు పెట్టినవారి చమత్కారాన్ని మెచ్చుకోవలసిందే. అయితే సముద్రతీరంలో పెరిగిన వాళ్ళకు తెలుసు, దీపస్తంభం ఓడకు రాళ్ళెక్కడున్నాయో చూపిస్తుంది, అంతే. ఓడను రేవులోకి రానిచ్చే అధికారం వేరేవాళ్ళది.

పథకం త్వరలోనే ఇరుగుపొరుగు దేశాలకూ విస్తరించింది. మాజీ సోవియట్ దేశాల కోసం 1991లో 'టాసిస్' అని మరొకటి వచ్చింది. తొలి ఏళ్ళలో ఈ డబ్బులో పెద్ద వాటా సలహాదారులకు పోయింది. పశ్చిమాన్నుంచి విమానాల్లో దిగి, ఖరీదైన హోటళ్ళలో బసచేసి, నివేదికలు రాసి వెళ్ళిపోయే ఆ నిపుణులకు వార్సాలో 'మారియట్ దండు' అని పేరు పడింది. వార్సాలో మారియట్ హోటల్ తెరిచింది సరిగ్గా 1989లోనే. సలహా అక్కర్లేదని నేననను. బ్యాంకింగ్ చట్టం, దివాలా చట్టం, లెక్కల పద్ధతి, ఇవన్నీ ఎవరో ఒకరు నేర్పవలసినవే. కానీ యంత్రానికి నూనె లేక ఆగిపోయిన కార్ఖానాకు నూనె గురించి ఉపన్యాసం ఎంతవరకు పనికొస్తుంది?

ఆగిపోవడం అన్నది అలంకారానికి అన్నమాట కాదు. 1949 నుంచీ ఈ దేశాలన్నీ 'కోమెకాన్' అనే తమ సొంత కూటమిలో ఒకరి సరుకు ఒకరు కొనుక్కుంటూ బతికాయి. 1991 జనవరి 1 నుంచి ఆ లావాదేవీలు డాలరు వంటి గట్టి కరెన్సీలో జరగాలన్నారు. జూన్ నాటికి కూటమే రద్దయింది. కొనేవాడు లేడు. ఉన్నా చేతిలో డాలర్లు లేవు. అలాంటి వేళ ఒక దేశానికి అందరికంటె ముందు కావలసింది మరో అంగడి. పక్కనే ప్రపంచంలోకెల్లా సంపన్నమైన అంగడి ఉంది. దాని తలుపు ఎంత తెరుచుకుందన్నదే అసలు ప్రశ్న.

1991 డిసెంబరు 16న పోలండు, హంగరీ, చెకోస్లొవేకియాలతో 'ఐరోపా ఒప్పందాలు' కుదిరాయి. వాటిలోని వర్తక భాగం 1992 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. పారిశ్రామిక సరుకులమీద సుంకాలు కొన్నేళ్ళలో పోతాయని ఘనంగా ప్రకటించారు. చిన్న అక్షరాల్లో మరొకటి ఉంది. ఉక్కు, వస్త్రాలు, కొన్ని రసాయనాలు, వ్యవసాయోత్పత్తులు 'సున్నితమైనవి' కనుక వాటికి వేరే లెక్క, వేరే గడువు. ఎవరికి సున్నితం? ఆ మూడు దేశాల దగ్గర అప్పటికప్పుడు అమ్మడానికి సిద్ధంగా ఉన్న సరుకుల్లో అధికభాగం అవే! బట్టతలవాడికి దువ్వెన్లు సుంకం లేకుండా ఇస్తామన్నట్టుంది కదూ.

ఆ ఒప్పందాలకు ముందు నడిచిన బేరం మరీ విచిత్రం. 1991 ఆగస్టులో మాస్కోలో కుట్ర జరిగి విఫలమైంది. పశ్చిమ దేశాలు ఉలిక్కిపడి, తూర్పు పొరుగువారికి వెంటనే చేయూతనివ్వాలని గట్టిగా అనుకున్నాయి. సెప్టెంబరు వచ్చింది. పోలండు తదితర దేశాలనుంచి గొడ్డుమాంసం దిగుమతిని కొద్దిగా, కొన్ని వేల టన్నులు, పెంచుదామన్న ప్రతిపాదనకు ఫ్రాన్సు అడ్డుపడింది. ఒక ఖండపు చరిత్ర మారిపోతుంటే కొద్దివేల టన్నుల మాంసం దగ్గర బండి ఆగింది. 1993 ఏప్రిల్‌లో ఇటలీలో పశువులకు గాలికుంటు వ్యాధి కనబడితే, తూర్పు ఐరోపా మొత్తంనుంచి పశువులూ, మాంసమూ, పాలపదార్థాలూ రాకూడదని నిషేధం పెట్టారు. వ్యాధి లేని దేశాలను కూడా విడిచిపెట్టలేదు. అదే ఏడు చెక్, స్లొవాక్ ఉక్కుకు కోటాలు బిగించారు. 1993 నాటికి ఈ వర్తకంలో మిగులు ఎవరిదయ్యా అని చూస్తే, చేయూతనిస్తున్న పశ్చిమానిది.

ఇక పరిశ్రమలకు అప్పులివ్వడానికి ప్రత్యేకంగా 1991లో లండన్‌లో 'ఐరోపా పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు' తెరిచారు. 1993 వసంతంలో బయటపడిందేమిటంటే, ఆ బ్యాంకు అప్పటివరకూ తూర్పుకు చెల్లించిన అప్పులకంటె తన భవనం మీదా, తన ఖర్చులమీదా వెచ్చించిన సొమ్మే ఎక్కువ అని. ప్రవేశద్వారపు పాలరాయి నచ్చలేదని తీయించి వేరే రాయి పరిపించారు. తొలి అధ్యక్షుడు జాక్ అతాలీ రాజీనామా చేశారు. బ్యాంకు తరువాతి కాలంలో బుద్ధిగానే పనిచేసిందని కూడా చెప్పాలి. కానీ ఆ పాలరాయి నా మనసులోంచి పోదు.

అప్పట్లో అన్నిటికంటె వేగంగా పెరిగిన 'సహకారం' ఒకటుంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. కూటమిలోని కంపెనీ బట్టను పోలండుకో, రుమేనియాకో పంపుతుంది. అక్కడి ఆడవాళ్ళు కత్తిరించి, కుట్టి, గుండీలు వేసి తిప్పి పంపుతారు. బట్ట తమదే కనుక తిరిగి వచ్చేటప్పుడు సుంకంలో రాయితీ. రుమేనియావాళ్ళు దీన్ని 'లోన్' అంటారు. జర్మను భాషలో కూలి అన్న మాట. అదే చొక్కాను రుమేనియా కంపెనీ తన బట్టతో, తన నమూనాతో కుట్టి అమ్మబోతే కోటా అడ్డొచ్చేది.

ఇది చదివినప్పుడు నాకు చీరాల గుర్తుకొచ్చింది. మాస్టర్ వీవర్ నూలిస్తాడు, డిజైను ఇస్తాడు. నేతగాడు తన ఇంట్లో, తన గుంటమగ్గం మీద, తన పెళ్ళాంబిడ్డల చేత కండెలు చుట్టించుకుని నేసి ఇస్తాడు. చీరకు ధర ఎంత పలికినా అతడికి దక్కేది మజూరీయే. చేతిలో పనితనం తరాలనుంచీ ఉంది. లేనిదల్లా, రేపు ఏమి నేయాలో నిర్ణయించే హక్కు. చీరాలకూ బుఖారెస్టుకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ చొక్కాల మీద సుంకపు పట్టిక రాసిన పెద్దమనిషి చీరాల పద్ధతినే చట్టం చేశాడనిపించింది.

ఇప్పుడు మళ్ళీ మ్లాదా బొలెస్లావ్‌కు వద్దాం.

1990 నాటికి స్కోడా పరిస్థితి మిగతా తూర్పు కార్ల కంపెనీలంత హీనంగా లేదు. 1987లో 'ఫావరిట్' అనే కారును విడుదల చేసింది. ఒంటికి ఆకృతినిచ్చింది ఇటలీకి చెందిన బెర్తోనె సంస్థ గాని, ముందు చక్రాలకు శక్తినందించే ఆ యంత్రాంగమంతా చెక్ ఇంజనీర్లు తక్కువ డబ్బుతో, తక్కువ సమయంలో కూర్చినది. అంటే కంపెనీకి అప్పులూ, పాతబడ్డ యంత్రాలూ ఉన్నా, కారును మొదటినుంచి చివరిదాకా ఆలోచించగల మనుషులు ఉన్నారు. ఈ ఒక్క సంగతిని పేత్ర్ పిత్‌హార్ట్ నాయకత్వంలోని చెక్ ప్రభుత్వం సరిగ్గా గుర్తుపెట్టుకుంది. అందుకే అమ్మకానికి పెట్టినప్పుడు ధర ఒక్కటే చూడలేదు. చివరిదాకా పోటీలో నిలిచినవి ఫ్రాన్సు, స్వీడన్‌లకు చెందిన రెనో–వోల్వో జంట ఒకవైపు, ఫోక్స్‌వాగన్ మరోవైపు. ఫోక్స్‌వాగన్, ఆడి, సేయట్‌ల సరసన స్కోడాను తన నాలుగో బ్రాండుగా నిలుపుతానని ఫోక్స్‌వాగన్ మాట ఇచ్చింది. 1990 డిసెంబరులో ప్రభుత్వం దానివైపు మొగ్గింది. 1991 ఏప్రిల్‌లో జర్మనులు లోపలికి వచ్చారు. ఒక్కసారిగా మొత్తం అమ్మేయలేదు. మొదట మూడోవంతుకన్నా తక్కువ వాటా, 1995 నాటికి 70 శాతం, 2000లో పూర్తిగా.

మెట్లుమెట్లుగా అమ్మడంలోని విజ్ఞత రెండేళ్ళకే తెలిసివచ్చింది. 1993 సెప్టెంబరులో, ఐరోపా పునర్నిర్మాణ బ్యాంకుతో సహా కొన్ని బ్యాంకులు కలిసి స్కోడాకు ఇవ్వబోయిన 140 కోట్ల మార్కుల రుణాన్ని, సంతకాల ముహూర్తానికి ఫోక్స్‌వాగన్ వద్దంది. ఇంట్లో నష్టాలు. మ్లాదా బొలెస్లావ్‌లో కడతామన్న కొత్త ఇంజన్ల కార్ఖానా వాయిదాపడింది. పెట్టుబడుల హామీలు కుదించుకుపోయాయి. ప్రాగులో గగ్గోలు. ఆ రోజున మొత్తం వాటా జర్మనుల చేతిలో ఉండి ఉంటే చెక్ ప్రభుత్వం పత్రికా ప్రకటన ఇచ్చి ఊరుకోవలసివచ్చేది. వాటా ఉంది కనుక కూర్చోబెట్టి మాట్లాడింది. 1994 డిసెంబరులో ఒప్పందాన్ని తిరగరాశారు. చెక్‌ల చేతికి ముందుకన్నా తక్కువే వచ్చింది, నిజమే. అయినా డిజైను, అభివృద్ధి విభాగం మ్లాదా బొలెస్లావ్‌లోనే నిలిచింది. నిలవడమే కాదు, పెరిగింది.

ఆ ఫలితం కళ్ళకు కనబడేది. 1994లో వచ్చిన 'ఫెలీసియా' పాత ఫావరిట్‌కు మెరుగు పెట్టిన రూపం. 1996 నాటి 'ఒక్తావియా' అడుగు చట్రం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌ది. మీద కారు స్కోడాది. దాన్ని గీసిన బృందానికి నాయకుడు డిర్క్ వాన్ బ్రాకెల్ అనే బెల్జియన్ దేశీయుడు. కనుక నేను జాతి గురించి మాట్లాడటంలేదని దయచేసి గమనించగలరు. పెన్సిలు ఎవరి చేతిలో ఉన్నా, బల్ల ఆ ఊళ్ళో ఉంటే, దాని చుట్టూ నిలబడి చూసే కుర్రవాళ్ళు ఆ ఊరివాళ్ళవుతారు. అచ్చులు చేసేవాడూ, పరీక్షించేవాడూ, విడిభాగాలు సరఫరా చేసే పక్క ఊరి కార్ఖానా ఇంజనీరూ ఆ బల్ల దగ్గరికే వస్తారు. వాయిదాపడ్డ ఇంజన్లు కూడా 2001లో అక్కడే తయారవడం మొదలుపెట్టాయి. 1991లో దాదాపు 1,72,000 కార్లు చేసిన కంపెనీ, 2014లో మొదటిసారి ఏడాదికి పది లక్షలు దాటింది.

ఇదంతా ప్రాగులో నాతో పనిచేసిన ఒక చెక్ మిత్రుడితో వాదిస్తే అతడు నవ్వాడు. అతడి తల్లి ఉత్తర బొహీమియాలో ఒక బట్టల మిల్లులో పనిచేసేదట. మిల్లు మూతపడింది. మూతపడ్డాక ఆమె జర్మను కంపెనీ కోసం కారు సీట్ల తొడుగులు కుట్టే చోట చేరింది. నమూనా ఎవరు గీశారన్నది ఆమె ఏనాడూ అడగలేదనీ, నెలకు జీతం వచ్చిందా లేదా అన్నదే చూసుకుందనీ, ఇల్లు దానితోనే నిలబడిందనీ చెప్పాడు. తీరిగ్గా కూర్చుని డ్రాయింగు బల్లల గురించి మాట్లాడే హక్కు జీతం వచ్చేవాడికే ఉంటుందని ఒక చురక కూడా అంటించాడు. దానికి నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. ఇప్పుడు కూడా సగమే ఉంది. ఆ సగం ఏమిటంటే, ఆమె ఉద్యోగం ఎక్కడ కూలి తక్కువైతే అక్కడికి నడిచిపోగలదు. 'లోన్' పని పోలండునుంచి రుమేనియాకూ, రుమేనియానుంచి ఇంకా తూర్పుకూ నడిచిపోయినట్టే. బల్ల అంత తేలిగ్గా నడవదు.

వార్సాలోని ఎఫ్ఎస్ఓ కంపెనీ ఎదురుగా ఉండనే ఉంది. దాన్ని కొనే బేరంలో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్‌ను తోసిరాజని కొరియాకు చెందిన దేవూ 1990ల మధ్యలో భారీ హామీలతో వచ్చింది. పోలిష్ ప్రభుత్వం ఉద్యోగాల సంఖ్య చూసి ఎంతో మురిసింది. దశాబ్దం తిరగకముందే, 2000లో, దేవూయే దివాలా తీసింది. ఎఫ్ఎస్ఓ వేరేవాళ్ళ కార్లు బిగిస్తూ కొన్నాళ్ళు ఈడ్చి, 2011లో కార్ల తయారీ ఆపేసింది. పాపం, దేవూ తప్ప వేరెవరినీ నిందించలేము. కానీ అప్పటికి ఆ సంస్థకు 'మాది' అని చెప్పుకోగల కొత్త కారు ఒక్కటీ లేదు.

దాచియా కథ మరో రకం. రుమేనియాలోని మియోవేని ఊళ్ళో 1968 నుంచి రెనో లైసెన్సుతో కార్లు చేస్తున్న ఈ కంపెనీని 1999లో రెనోయే కొన్నది. 2004లో 'లోగాన్' వచ్చింది. అయిదు వేల యూరోల కారు, పేద దేశాల కోసమన్నారు. తీరాచూస్తే పారిస్‌లోనూ కొనేవాళ్ళు ఎగబడ్డారు. (మహీంద్రాతో కలిసి 2007లో మన దేశంలోనూ విడుదలైంది; మన రోడ్లమీద టాక్సీలుగా తిరిగిన ఆ గూడుబండి చాలామందికి గుర్తుండే ఉంటుంది.) ఆ కారును గీసింది ఫ్రాన్సులో. కానీ 2007లో బుఖారెస్టులో ఇంజనీరింగు కేంద్రం తెరిచారు, 2010లో తీతూ అనే చోట పరీక్షాకేంద్రం కట్టారు. 2008 వసంతంలో మియోవేని కార్మికులు సుమారు మూడు వారాలు సమ్మెచేసి జీతాలు పెంచుకున్నారు. తమ అవసరం యజమానికి ఎంత ఉందో తెలిసిన కార్మికులే అలాంటి సమ్మె చేయగలరు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కూటమి తన పొరుగుదేశంతో పారిశ్రామిక సహకారమని నిజంగా అనదలచుకుంటే, మొదటి రోజే ఆ దేశం అమ్మగలిగిన సరుకుకు తలుపు తీయాలి. 'సున్నిత' సరుకుల పట్టిక అంటూ ఉంటే, సహాయ నిధి ఎంత పెద్దదైనా అది నష్టపరిహారమే అవుతుంది, అదీ చాలీచాలనిది. రెండోది పొరుగుదేశం చేయవలసినది. కార్ఖానా అమ్మేటప్పుడు ఉద్యోగాల సంఖ్య కంటే ముందుగా అభివృద్ధి విభాగం గురించి ఒప్పందంలో రాయించుకోవాలి, ఆ మాట నిలిచేదాకా వాటా వదలకూడదు. ఐరోపా కమిషన్ ఇంత వివరంగా ఏ దేశానికీ చెప్పలేదు. చెప్పదు కూడా. దాని సభ్యదేశాల కంపెనీలే కదా కొనేది!

2004 మే 1న ఎనిమిది మాజీ సోషలిస్టు దేశాలు సమాఖ్యలో చేరాయి. సరుకులకు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. మనుషులకు మాత్రం జర్మనీ ఇంకో ఏడేళ్ళు, 2011 దాకా, తలుపు ఓరగానే ఉంచింది. అయినా ఆ దేశాలు బాగుపడ్డాయి, ఎవరూ కాదనలేరు. తలసరి లెక్కన ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువ కార్లు చేసే దేశం ఇవాళ స్లొవేకియా. కానీ అక్కడ బిగించే కార్లలో స్లొవాక్ పేరున్న కారు ఒక్కటీ లేదు. 2004లో కొరియా కంపెనీ కియా కార్ఖానా కోసం స్లొవేకియా, పోలండు పోటీపడి రాయితీలు ఇవ్వజూపాయి, జిలీనా గెలిచింది. పదమూడేళ్ళ తరువాత అదే కంపెనీ మన అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గరికి వచ్చింది. భూమి, నీరు, పన్ను రాయితీలు మనమూ ఇచ్చాం. 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఆ ఎర్రనేలమీద అన్ని ఉద్యోగాలు రావడం చిన్న విషయం కాదు, సంతోషించాను. ఒప్పందం గురించి పత్రికల్లో వచ్చిన కథనాలన్నీ ఎకరాలు, కోట్లు, కొలువులు అంటూ లెక్కలు కట్టాయి. బల్ల ప్రస్తావన నా కంటికి కనబడలేదు.

అన్నిటికంటె నన్ను బాధపెట్టినది మాత్రం ఇటీవలి సంగతి. ఉక్రెయిన్‌తో సమాఖ్య చేసుకున్న స్వేచ్ఛా వర్తక ఒప్పందం 2016లో అమలులోకి వచ్చినప్పుడు అందులోనూ తేనె, కోడిమాంసం, చక్కెర వంటివాటికి కోటాలున్నాయి. తేనె కోటా ఏడాది మొదట్లోనే ఖర్చయిపోయేది. యుద్ధం వచ్చాక 2022 జూన్‌లో వాటిని తాత్కాలికంగా ఎత్తేశారు. 2023 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ ధాన్యం తమ రైతులను ముంచుతోందని సరిహద్దులు మూసినవారిలో ముందున్నది ఎవరు? పోలండు, హంగరీ, స్లొవేకియా. 1991లో గొడ్డుమాంసం దగ్గర అవమానపడ్డవారే. ఆ రైతుల బాధ అబద్ధం కాదు. ధాన్యం ధర నిజంగానే పడింది. ఫ్రెంచి రైతు బాధ కూడా అప్పట్లో అబద్ధం కాదు మరి. అత్త ఒంటి తీరు కోడలికి అబ్బడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది.

చివరగా ఒక ఇంటి ముచ్చట. మా పెదనాన్నగారు రామచంద్రాపురం భెల్‌లో పనిచేశారు. చెకోస్లొవేకియా సహకారంతో 1960లలో నెలకొన్న కర్మాగారం అది. సహకారం అప్పుడు ఇటునుంచి కాక అటునుంచి ఇటు ప్రవహించింది. వాళ్ళు ఇనప తెర అవతలి దేశం, మనం కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం. టర్బైన్ల డ్రాయింగులు చెక్ భాషలో వచ్చేవనీ, అనువాదానికి ముందే గీతల్నిబట్టి అర్థం చేసుకునేవాళ్ళమనీ చెప్పేవారు. ఆయనకు చెక్ భాషలో వచ్చిన మాట ఒక్కటే: 'వీక్రెస్'. డ్రాయింగు అని అర్థం. నేను ప్రాగు వెళుతున్నానని చెప్పినప్పుడు, ఆ మాట ఇంకా వాడుతున్నారేమో కనుక్కుని రమ్మన్నారు.

వాడుతున్నారు. 2021లో స్కోడా కంపెనీ భారతదేశం కోసం ఒక కొత్త కారు తెచ్చి, పుణె దగ్గరి చాకణ్‌లో తయారు చేయిస్తోంది. దాని పేరు 'స్లావియా'. ఆ కారు డ్రాయింగుల్లో ఎన్ని మ్లాదా బొలెస్లావ్‌లో గీశారో, ఎన్ని పుణెలో గీశారో తెలిసిన మిత్రులెవరైనా ఉంటే కింద రాయండి. పెదనాన్నగారికి చెప్పాలి.